వెనక్కి తిరిగి కొండెక్కిన కారు

తిరుమల కొండ మీద కార్తీక మాసంలో వాన పట్టుకుంటే మబ్బు దారి మీదికే దిగివస్తుంది. నాకు పదేళ్ళ వయసులో అలాంటి ఒక సాయంత్రం, మా నాన్న నడుపుతున్న పాత పెట్రోలు జీపులో ముందు సీటులో కూర్చుని కనుమదారి ఎక్కుతున్నాను. అలిపిరి దాటేదాకా చక్కగా ఆడిన వైపరు, ఎత్తు మొదలై నాన్న యాక్సిలరేటరు నొక్కిన కొద్దీ నెమ్మదించి, చివరకు అద్దం నడుమ నిలువుగా ఆగిపోయింది. ఎదురుగా దారి కనబడక నేను భయపడి నాన్న వైపు చూశాను. ఆయన ఏ తొందరా లేకుండా యాక్సిలరేటరు మీది కాలు ఒక్క క్షణం ఎత్తారు. వైపరు చటుక్కున రెండు సార్లు అటూ ఇటూ తుడిచింది. మళ్ళీ కాలు ఆనించగానే మళ్ళీ ఆగింది. కాలు ఎత్తి తుడిపించుకుంటూ, నొక్కి ఎక్కిస్తూ, కొండ పైదాకా అలాగే వెళ్ళాం. "దానికి ఊపిరి ఇంజను ఇయ్యాల పాపా. ఇంజనుకే ఊపిరి చాలనప్పుడు దానికి యాడనించి ఇస్తాది?" అన్నారు నాన్న.

ఆ మాట అక్షరాలా నిజమని నాకు చాలా ఏళ్ళ తరువాత, మెకానికల్ ఇంజనీరింగ్ చదివేటప్పుడు అర్థమైంది. ఆ వైపరుకు కరెంటు మోటారు లేదు. ఇంజనులో పిస్టన్ దిగేటప్పుడు గాలిని లోపలికి పీలుస్తుంది; యాక్సిలరేటరు వదిలి ఉన్నప్పుడు కార్బురేటరులోని తలుపు దాదాపు మూసుకుని ఉంటుంది కనుక ఆ పీల్పు బలంగా ఉంటుంది; ఒక సన్నటి రబ్బరు గొట్టంతో ఆ పీల్పునే అరువు తెచ్చుకుని వైపరును ఆడించేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే ఆ తలుపు బార్లా తెరుచుకుంటుంది, గాలి ధారాళంగా లోపలికి పోతుంది, పీల్పు దాదాపు ఏమీ మిగలదు. అంటే బండికి కష్టం ఎక్కువైన క్షణంలోనే వైపరుకు బలం పోతుంది. అయినా అమెరికాలో 1960ల దాకా ఎన్నో కార్లకు ఈ వైపర్లే ఉండేవి. ఆనాటి 6 వోల్టుల బ్యాటరీ, బలహీనమైన డైనమో రాత్రిపూట దీపాలను మోయడానికే తంటాలు పడేవి; కరెంటు మోటారుకు ఖర్చు అవుతుంది, పీల్పు మాత్రం ఇంజను తిరిగినంతసేపూ ఊరికే దొరుకుతుంది. చదునైన నేల మీద ఆలోచించిన మనిషికి ఇది ఎంతో తెలివైన ఏర్పాటు.

అప్పటి నుంచి పాత కార్లలోని వింత యంత్రాంగాల గురించి ఎక్కడ చదివినా, ఎవరి షెడ్డులో చూసినా, నేను ఒకే పని చేస్తూ వస్తున్నాను. ఆ కారును మనసులో అలిపిరి దగ్గర నిలబెట్టి, ఇది ఎక్కగలదా, మలుపు తిరగగలదా, క్షేమంగా దిగగలదా అని అడుగుతాను. మా తిరుపతి వాళ్ళకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. కింది ఊరికీ పైన కోవెలకూ నడుమ సుమారు 700 మీటర్ల ఎత్తు తేడా ఉంది. 1944లో వేసిన మొదటి కనుమదారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి; 1974లో రెండో దారి వచ్చాక పాతది దిగడానికే ఉంచారు. ఒక యంత్రాన్ని రూపొందించిన మనిషి ఏ నేల మీద నిలబడి ఆలోచించాడో ఈ దారి చెప్పినంత స్పష్టంగా ఏ పుస్తకమూ చెప్పదని నా నమ్మకం.

ఎక్కడంతోనే మొదలుపెడతాను. 1908లో మొదలై 1927లో ఆగే నాటికి కోటి యాభై లక్షలు దాటి తయారైన ఫోర్డు మోడల్ టీ కారులో నేటి డ్రైవరును కూర్చోబెడితే అడుగు దూరం కూడా నడపలేడు. కాళ్ళ దగ్గర మూడు పెడళ్ళు ఉంటాయి గానీ వాటిలో యాక్సిలరేటరు లేదు. అది స్టీరింగు చక్రం కింద చేత్తో కదిపే సన్నటి కడ్డీ. ఎడమ పెడలును పూర్తిగా నొక్కిపడితే మొదటి గేరు, సగం దాకా వదిలితే న్యూట్రల్, మొత్తం వదిలేస్తే రెండో గేరు. నడిమి పెడలు నొక్కితే కారు వెనక్కి వెళ్తుంది. కుడిది బ్రేకు. లోపల తిరిగే డ్రమ్ముల చుట్టూ పట్టీలు ఉంటాయి. ఏ పెడలు నొక్కితే ఆ పట్టీ తన డ్రమ్మును బిగించి పట్టుకుంటుంది, దానితో గేరు పడుతుంది. పళ్ళ చక్రాలు ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలిసే ఉంటాయి కనుక గేరు మార్చేటప్పుడు గరగరమని అరిచే బాధే లేదు. గుర్రపు బండి తప్ప మరొకటి తోలని రైతు కూడా ఒక పూటలో నేర్చుకోగలిగేలా చేసిన పని ఇది.

ఆ కారులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది పెట్రోలు సంగతి. ట్యాంకు ముందు సీటు కిందే ఉండేది; పెట్రోలు పోయించుకోవాలంటే కూర్చున్నవాళ్ళు దిగి, సీటు ఎత్తి, లోపలి మూత తీయాలి. పెట్రోలును ఇంజనుకు తోసే పంపు లేదు. మిద్దె మీది తొట్టి నుంచి కుళాయికి నీళ్ళు దిగినట్టే, ట్యాంకు నుంచి కార్బురేటరుకు పెట్రోలు తన బరువుతోనే దిగాలి. చదునులో ట్యాంకు పైన, కార్బురేటరు కింద. అంతా సవ్యంగా జరిగిపోతుంది. నిటారైన ఎత్తులో కారు ముక్కు పైకి లేస్తే ఇంజను పైకి పోయి సీటు కిందికి వస్తుంది. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు కార్బురేటరుకు చుక్క కూడా అందదు. అప్పుడు డ్రైవర్లు ఏం చేసేవారంటే, కారును పూర్తిగా వెనక్కి తిప్పి, రివర్స్ గేరులో, వీపు కొండవైపు పెట్టి ఎక్కించేవారు. ఇంజను కిందికి వస్తుంది, ట్యాంకు పైకి వెళ్తుంది, పెట్రోలు మళ్ళీ పారుతుంది. పైగా ఆ కారులో రివర్స్ గేరు మొదటి గేరు కన్నా బలమైనది, కాబట్టి లాగుడు కూడా పెరిగేది.

మొదటి కనుమదారి తెరిచే నాటికి ఆ కారు తయారీ ఆగి 17 ఏళ్ళయింది. అయినా అలిపిరి నుంచి ఒక నల్లటి మోడల్ టీ భక్తులకు ముఖం చూపిస్తూ వెనక్కి వెనక్కి కొండెక్కుతున్న దృశ్యం నా మనసులో ఎన్నిసార్లు మెదిలిందో చెప్పలేను. దేవుడికి వీపు చూపడం మన ఆచారంలో తప్పు అనిపిస్తుంది గానీ, ఆ డ్రైవరు కడుపు కట్టుకుని చేసిన ప్రయాణాన్ని ఆయన క్షమించే ఉంటాడు.

తరువాతి కార్లకు పెట్రోలు పంపు వచ్చింది, ఆ బాధ తీరింది. దాని వెనుకే ఇంకో బాధ వచ్చింది. పంపును ఇంజనుకే బిగించడం వల్ల ఎండాకాలంలో కొండెక్కేటప్పుడు ఆ వేడికి పంపులోని పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని పట్టుకుని ఆడుతుంది గానీ ద్రవాన్ని లాగలేదు, బండి దగ్గి ఆగిపోతుంది. నా చిన్నప్పుడు దారి పక్కన బానెట్లు ఎత్తిపెట్టుకుని నిలబడ్డ కార్లలో చాలావాటికి ఇదే జబ్బు. నాన్న సీటు కింద ఎప్పుడూ ఒక పాత పంచె ముక్కా, ఒక సీసా నీళ్ళూ ఉండేవి. గుడ్డ తడిపి పంపు చుట్టూ చుట్టి, పది నిమిషాలు చెట్టు నీడన కూర్చుని, మళ్ళీ సెల్ఫు కొడితే బండి అందుకునేది.

ఫ్రాన్సులో 1948లో జనం ముందుకు వచ్చిన సిట్రోయెన్ 2సీవీ కారు వైపరు కథ కూడా ఇక్కడే చెప్పాలి. మా జీపు వైపరు ఇంజను ఊపిరి మీద బతికితే, దాని వైపరు స్పీడోమీటరు కేబులు మీద బతికింది. చక్రాలు తిరిగితే కేబులు తిరుగుతుంది, కేబులు తిరిగితే వైపరు ఆడుతుంది. బండి ఆగి ఉంటే డ్రైవరు చేత్తో తిప్పుకోవాలి. 375 సీసీల ఇంజనుతో, కాలి నడక కన్నా కొంచెం వేగంగా మా కొండెక్కే 2సీవీలో వైపరు ఎంత నిదానంగా తుడుస్తుందో ఊహించుకోవచ్చు. వాన వేగానికీ చక్రం వేగానికీ సంబంధం లేదన్న సంగతి దాన్ని చేసినవాళ్ళకు తెలియదని నేను అనుకోను. ఒక మోటారు ఖర్చు తగ్గితే ఇంకొక రైతు కారు కొనగలడని వాళ్ళు లెక్క వేసుకున్నారు.

నిజానికి ఆ కారును తయారు చేయమన్నప్పుడు కంపెనీ పెద్ద పియెర్ జూల్ బూలాంజే పెట్టిన షరతులే విచిత్రమైనవి. ఇద్దరు రైతులు, 50 కిలోల ఉర్లగడ్డలు ఎక్కాలి. దున్నిన చేలో నడిపినా బుట్టలోని కోడిగుడ్డు పగలకూడదు. అందుకోసం ముందు చక్రాన్నీ వెనుక చక్రాన్నీ ఒకే స్ప్రింగు గొట్టానికి కడ్డీలతో కలిపారు. ముందు చక్రం గట్టు ఎక్కితే ఆ కుదుపులో కొంత వెనుక చక్రాన్ని నేలకేసి అదమడానికి పోతుంది, అందువల్ల కారు ఒళ్ళు మట్టంగా ఉంటుంది. వెనుక బరువు ఎక్కితే ముక్కు లేచి హెడ్‌లైట్ల వెలుగు ఆకాశానికి పోతుందని, డ్రైవరు సీటులో కూర్చునే లైట్లను కిందికి దించుకునే మర కూడా పెట్టారు. చిత్తూరు జిల్లాలో మామిడి కాపు రోజుల్లో తోటల నుంచి తారు రోడ్డు దాకా గంపలు మోసే బండ్లను చూసినప్పుడల్లా, ఈ స్ప్రింగుల ఏర్పాటు మన తోట దారులకే పుట్టాల్సిందని నాకు అనిపిస్తుంది.

ఇక దిగడం. దిగే దారిలోనే ఆ 36 మలుపులూ ఉన్నాయి, అక్కడే నాకు బాగా తెలిసిన కారు ఉంది.

జీపు కన్నా ముందు నాన్న చిత్తూరులో ఒక డాక్టరు గారి స్టాండర్డ్ హెరాల్డ్ నడిపేవారు. మద్రాసులో తయారైన కారు. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చింది; దాని రూపం ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి గీసింది. అప్పటికి చాలా కార్లు అడుగున ఉండే ఛాసిస్ అనే ఉక్కు చట్రాన్ని వదిలేసి, ఒళ్ళంతా ఒకే రేకు డబ్బాగా చేసే పద్ధతికి మారుతున్నాయి. కానీ ఆ కంపెనీకి బాడీలు చేసి ఇచ్చే సంస్థ పోటీదారు చేతిలోకి వెళ్ళిపోవడంతో, మొత్తం బాడీని ఒకే చోట చేయించుకునే దారి మూసుకుపోయింది. దాంతో పాతకాలపు ఛాసిస్‌కే తిరిగి వెళ్ళి, ముందు భాగం, నడిమి భాగం, వెనుక భాగం వేరువేరుగా చేయించి, నట్లు బోల్టులతో కలిపి బిగించారు. గత్యంతరం లేక చేసిన ఆ పనే పెట్టెల్లో విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగించుకోవడానికి ఎంతో అనువైనది అయింది. మన దేశంలో నాలుగు తలుపుల హెరాల్డ్ కూడా తయారైంది.

ఆ కారు బానెట్ తెరవడం ఒక వేడుక. మిగతా కార్లలో ఒక రేకు మూత లేస్తుంది. ఇందులో రెండు పక్కల మడ్గార్డులు, హెడ్‌లైట్లతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ముందుకు ఒరుగుతుంది. ఇంజను, స్టీరింగు, ముందు చక్రాలు అన్నీ బయటపడతాయి. నాన్న ముందు టైరు మీదే పీటలా కూర్చుని, పాయింట్లు గీకి, ప్లగ్గులు తుడిచేవారు. నడుము వంచాల్సిన పని లేదు. మరమ్మతు చేసే మనిషి వీపును గుర్తుపెట్టుకుని గీసిన కారు అది ఒక్కటేనని ఆయన అనేవారు.

ముందు చక్రాలకు అడ్డు వచ్చేది ఏదీ లేకపోవడం వల్ల అవి చాలా లోతుగా తిరుగుతాయి. 25 అడుగుల వ్యాసం ఉన్న వలయంలో హెరాల్డ్ పూర్తిగా చుట్టి వస్తుంది. ఇరుకు సందుల్లో తిరగాలని లండను టాక్సీలకు చట్టం విధించిన కొలత సరిగ్గా ఇంతే. కనుమదారిలో హెయిర్‌పిన్ మలుపు దగ్గర పెద్ద కార్లు ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ తిరుగుతుంటే, నాన్న ఒక్క చేత్తో మలుపు దాటించేవారట.

అంత లోతుగా తిరిగే చక్రానికి కింద ఉన్న కీలు ఎలాంటిదో చూస్తే ఇంజనీరుగా నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. దాని పేరు ట్రనియన్. చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ అడుగున మరలు కోసి ఉంటాయి. ఆ మరల కొస ఒక కంచు దిమ్మలో బిగిసి ఉంటుంది. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఆ ఉక్కు మర తన కంచు గూటిలో కొద్దిగా బిగుస్తుంది, మళ్ళీ వదులవుతుంది. అంటే కారు మలుపు తిరగడమనేది ఒక బోల్టును కాస్త బిగించి కాస్త వదిలే పని. ఆ గూటికి గ్రీజు పనికిరాదు, పలుచగా పారే గేరు ఆయిలే పోయాలి. షెడ్డుల్లో అలవాటు కొద్దీ గ్రీజు గన్ను పెట్టి కొడతారు; గ్రీజు మరల అడుగు దాకా దిగదు, అడుగున నీరు చేరి ఉక్కు తుప్పు పడుతుంది, ఒకనాడు మర దగ్గర కడ్డీ విరిగి చక్రం ఒక పక్కకు మడతపడుతుంది. నాన్న నెలకొకసారి జాకీ ఎత్తి, దిమ్మకున్న చిన్న బిరడా విప్పి, నూనె డబ్బా మూతి ఆనించి, పైన అంచు దగ్గర కొత్త నూనె మెరిసేదాకా పోసేవారు. పాత నూనె నల్లగా ముందు వస్తుంది, తరువాత తేనె రంగు. ఆ రంగు మారడం చూసి చెప్పే పని నాది.

హెరాల్డ్ వెనుక భాగం మాత్రం నేను అంతగా మెచ్చుకోలేను. ఇంజను బలాన్ని రెండు వెనుక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌ను నడుమ కదలకుండా బిగించి, రెండు ఇరుసులను దాని నుంచి రెక్కల్లా పైకీ కిందికీ ఆడనిచ్చారు. పైన అడ్డంగా ఒకే కమాను కట్ట. గతుకుల్లో హాయిగానే ఉంటుంది. కానీ దిగుడులో వేగంగా మలుపులోకి వెళ్ళి, భయపడి ఉన్నట్టుండి యాక్సిలరేటరు వదిలినా బ్రేకు తొక్కినా, బరువంతా ముందుకు పోయి వెనుక భాగం లేస్తుంది. మలుపుకు బయటివైపున్న చక్రం మోకాలు ముడిచినట్టు లోపలికి ఒరిగి టైరు అంచు మీద నిలబడుతుంది. వెనుక భాగం జారుతుంది. దీనికి మందు ఒక్కటే, మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, మలుపులో కాలు సన్నగా ఆనించి ఉంచడం. మన డ్రైవర్లకూ మెకానిక్కులకూ ఈ ఇరుసు మీద నమ్మకం కుదరలేదు. 1970ల మొదట్లో హెరాల్డ్ స్థానంలో వచ్చిన గాజెల్ కారుకు రెక్కలు లేని మామూలు ఒంటి ఇరుసే పెట్టారు.

ఇప్పుడు దిగడంలోని అసలు ప్రమాదం. ఒక లెక్క చెబుతాను. వెయ్యి కిలోల కారు 700 మీటర్లు దిగితే, దాని బరువు విడుదల చేసే శక్తి 20 లీటర్లకు పైగా చన్నీళ్ళను మరిగించడానికి సరిపోతుంది. కింద అలిపిరికి చేరేలోపు ఆ వేడినంతా ఎక్కడో ఒకచోట పారబోయాలి. బ్రేకులే మోస్తే చక్రాలతో తిరిగే డ్రమ్ములు కాలి, వ్యాకోచించి, వాటిని లోపలి నుంచి ఒరిసి ఆపే షూలకు దూరమవుతాయి. పెడలు నేలకు ఆనుతుంది, బండి ఆగదు. అందుకే నాన్నకు ఒకే మాట ఉండేది. "ఏ గేర్లో ఎక్కినామో ఆ గేర్లోనే దిగాల. ఎక్కేటప్పుడు మోసిన ఇంజనే దిగేటప్పుడూ మొయ్యాల." పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళను చూస్తే, ఎన్నడూ గొంతు పెంచని ఆ మనిషికి పట్టరాని కోపం వచ్చేది.

ఈ నేపథ్యంలో స్వీడన్ దేశపు సాబ్ కార్ల గురించి మొదట చదివినప్పుడు నేను నిర్ఘాంతపోయాను. ఆ కార్లలో ఫ్రీవీల్ అనే ఏర్పాటు ఉండేది. సైకిలు తొక్కడం ఆపితే చక్రం తన పాటికి తాను తిరుగుతూ పోతుంది, కాలు కదలదు కదా. అలాగే ఆ కారులో యాక్సిలరేటరు వదలగానే ఇంజనుకూ చక్రాలకూ బంధం తెగిపోతుంది. నాన్న ఏది చేయకూడదని కోప్పడేవారో, సరిగ్గా అదే పనిని ఒక కంపెనీ కావాలని యంత్రంలో బిగించింది.

కారణం వాళ్ళ ఇంజనులో ఉంది. 1960లో వచ్చిన సాబ్ 96కు మూడు సిలిండర్ల, 841 సీసీల టూ స్ట్రోక్ ఇంజను. టూ స్ట్రోక్ అంటే తెలియనివాళ్ళు మన దగ్గర లేరు. పాత స్కూటర్లకూ ఆటోలకూ బంకులో పెట్రోలుతో పాటు టూ టీ ఆయిలు కలిపించుకున్న తరం మనది. ఆ ఇంజనుకు ఆయిలు పెట్రోలుతోనే అందాలి, వేరే దారి లేదు. నిడుపాటి దిగుడులో గేరు పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా వదిలేస్తే, చక్రాలు ఇంజనును వేగంగా తిప్పుతూనే ఉంటాయి, పెట్రోలు మాత్రం దాదాపు రాదు, దానితో ఆయిలూ రాదు. పిస్టన్లు ఎండి బిగుసుకుపోతాయి. ఇంజనును కాపాడాలంటే చక్రాల నుంచి విడదీయక తప్పదు. ఒక జబ్బుకు వేసిన మందు ఇంకో ప్రమాదం తెచ్చింది, ఆ ప్రమాదం బ్రేకుల నెత్తిన పడింది. కొండ ప్రాంతాల వాళ్ళ కోసం ఫ్రీవీల్‌ను బిగించి ఆపే పిడి ఒకటి ఇచ్చారు గనుక వాళ్ళు ఈ సంగతి తెలిసే చేశారని చెప్పాలి. ఇదే కారుతో ఎరిక్ కార్ల్‌సన్ 1962, 1963 సంవత్సరాల్లో ఆల్ప్స్ కొండల మీదుగా సాగే మాంటెకార్లో ర్యాలీ గెలిచాడు. కుడి కాలితో యాక్సిలరేటరు వదలకుండానే ఎడమ కాలితో బ్రేకు తొక్కడం ఆయన పద్ధతి. ఇంజను ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది, ఆయిలూ అందుతుంది, ఫ్రీవీల్ విడిపోయే సందర్భమే రాదు. యంత్రం లోటును అంత అందంగా కాలితో పూడ్చిన మనిషికి నేను మనసారా నమస్కరిస్తాను.

హాలండుకు చెందిన హుబ్ వాన్ డోర్నె చేసిన డాఫ్ కారు 1958లో జనం ముందుకు వచ్చింది. అందులో గేర్లే లేవు. రెండు వెనుక చక్రాలకు రెండు రబ్బరు బెల్టులు. బెల్టు తిరిగే ఒక్కో కప్పీ రెండు సగాలు దగ్గరకు జరిగి, దూరం జరిగి, బెల్టు ఎంత వ్యాసం మీద తిరగాలో మార్చుకుంటాయి. ముందుకూ వెనక్కూ ఒకే యంత్రాంగం కాబట్టి ఆ కారు ముందుకు ఎంత వేగంగా పోతుందో వెనక్కీ అంతే వేగంగా పోగలదు. హాలండులో వీటితో వెనక్కి పరుగు పందేలు కూడా పెట్టారు. దాదాపు అంతా చదునుగా ఉండే దేశంలో పుట్టినా, ఆ కారు డ్యాష్‌బోర్డు మీద కొండలు దిగడానికంటూ ఒక స్విచ్చు పెట్టారు. అది నొక్కితే కప్పీలు తక్కువ గేరు స్థితిలో నిలబడి ఇంజను బండిని ఆపుతుంది. చదునైన నేల మీద కూర్చుని, ఎక్కడో కొండ దిగే మనిషిని తలచుకున్న ఆ ఒక్క స్విచ్చు వల్ల డాఫ్ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ఆ బెల్టు ఇప్పుడు తిరుపతిలో ప్రతి వీధిలోనూ ఉంది. గేర్లు లేని పెట్రోలు స్కూటర్లలో ఉన్నది అదే సూత్రం. మెకానిక్కు వేరియేటర్ రోలర్లు అరిగాయమ్మా అన్నప్పుడు ఆయన మాట్లాడుతున్నది వాన్ డోర్నె కప్పీల సంతతి గురించే. నేను అలాంటి స్కూటరు మీదే కొండకు వెళ్తాను. దిగేటప్పుడు వేగం బాగా తగ్గితే దాని క్లచ్ తనంతట తానే విడిపోతుంది, అప్పుడు బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే. డాఫ్‌కు ఉన్న ఆ స్విచ్చు నా స్కూటరుకు లేదు. అందుకే రెండు బ్రేకులనూ మార్చి మార్చి పడుతూ, మధ్యలో మోకాళ్ళ పర్వతం దగ్గరో మరో నీడలోనో ఆగి డ్రమ్ములు చల్లారనిస్తాను.

1955 నాటి సిట్రోయెన్ డీఎస్ గురించి లోకమంతా రాసింది కాబట్టి నేను ఒక్క సంగతితో సరిపెడతాను. పాల్ మాజెస్ రూపొందించిన దాని స్ప్రింగుల్లో లోహం లేదు, గోళాల్లో బంధించిన నైట్రోజన్, నూనె మాత్రమే ఉన్నాయి. బ్రేకు పెడలు స్థానంలో నేల మీద పుట్టగొడుగు లాంటి రబ్బరు బొత్తాము; ఎంత లోతుగా తొక్కామన్నది కాదు, ఎంత బలంగా ఆనించామన్నదే లెక్క. వెనుక చక్రాల మీద ఎంత బరువు ఉందో ఆ నూనె ఒత్తిడే చెబుతుంది కనుక, ముందు చక్రాలకు ఎంత బ్రేకు, వెనుక చక్రాలకు ఎంత బ్రేకు అన్నది దాన్ని బట్టే పంచేవారు. దిగుడులో బరువు ముందుకు ఒరిగే మా దారికి ఇంతకన్నా తగిన ఆలోచన నేను చూడలేదు. అయితే ఆ నూనె గొట్టాల్లో ఒకటి కారితే, తడి పంచె ముక్కతో అయ్యే పని కాదు.

నాన్న పోయాక ఆ జీపు వైపరు మోటారు నా దగ్గరకు వచ్చింది. మొన్న ఆదివారం దాన్ని విప్పాను. అరచేతిలో ఇమిడే అర్ధచంద్రాకారపు డబ్బా. లోపల తలుపు రెక్కలా ఆడే ఒక పలక, దాని అంచుల చుట్టూ గాలి పోకుండా తోలు పట్టీ. ఒక చిన్న స్ప్రింగు మీట పలక చివరికి వచ్చిన ప్రతిసారీ టక్కున అటు నుంచి ఇటు తిరిగి, పీల్పును రెండో వైపుకు మారుస్తుంది. తోలు ఎండి అట్ట ముక్కలా అయింది. నాన్న వాడిన మందే వాడాను. ఆముదం గోరువెచ్చగా చేసి, తోలుకు పట్టించి, రాత్రంతా ఉంచి, ఉదయం మళ్ళీ బిగించాను. పరీక్షించడానికి ఇంజను లేదు. మా అక్క మనవరాలు పక్కనే నిలబడి చూస్తోంది. రబ్బరు గొట్టం కొస శుభ్రంగా తుడిచి దాని చేతికిచ్చి, కొబ్బరి బొండం తాగినట్టు పీల్చమన్నాను. అది బుగ్గలు లోపలికి పోయేదాకా పీల్చింది, టక్ మంది, వైపరు కడ్డీ బల్ల మీద అటు నుంచి ఇటు నిదానంగా వచ్చింది. పిల్ల గొట్టం వదిలేసి, మళ్ళీ ఊపిరి తీసుకుని, ఇంకోసారి పీల్చింది.